గాబరా వేరు, జబ్బు వేరు

సంపాదకులకు,

కొవిడ్ కేసుల వార్త మళ్లీ టీవీలో కనబడితే చాలు, ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మన ఇళ్లలో పెద్దవాళ్లకు గాబరా మొదలవుతుంది. రాత్రి నడుం వాల్చగానే గుండె దడ, ఊపిరి చాలనట్టు ఉండడం. అది భయమో జబ్బో తేలక కొందరు అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెడతారు. ఇంకొందరు ఆక్సిజన్ నిజంగానే పడిపోతున్నా ‘భయమేలే’ అని పడుకుంటారు. ఈ రెండో పొరపాటే ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు వేలికి పల్స్ ఆక్సీమీటరు (ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న యంత్రం) పెట్టాలి, కాని పెట్టే పద్ధతి ఉంది. 5 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. గోళ్ల రంగు, ముదురు గోరింటాకు ఉంటే అంకె తప్పు రావచ్చు. పెట్టగానే కనబడే అంకె కాకుండా, నిలకడగా నిలిచిన అంకె రాసుకోవాలి. గంటలో 3 సార్లు చూసినా ఆక్సిజన్ అంకె 93 శాతం, అంతకంటే తక్కువ ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం లేకుండానే ఆక్సిజన్ పడిపోవడం కొవిడ్‌లో ఉన్నదే, కాబట్టి ‘బాగానే ఉంది కదా’ అన్న మాట నమ్మకండి. ఊపిరి నిమిషానికి 24 సార్లు దాటినా ఆగొద్దు. తన ఊపిరి తనే లెక్కపెడితే లెక్క మారిపోతుంది. పక్కవాళ్లు నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, కడుపు కదలిక లెక్కపెట్టాలి. ఛాతీ నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతూ చెమట పడితే అది గాబరా అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

అంకెలన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు గాబరా సంగతి. సాధారణంగా 10 నిమిషాల్లో ముదిరి, తర్వాత దిగుతుంది. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా మెల్లగా తీసుకుని, 6 లెక్కపెట్టేదాకా నోటితో వదలాలి. 5 నిమిషాలు చాలు. ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అని చుట్టుపక్కలవాళ్లు తొందరపెడతారు, అదే చెయ్యకూడనిది. అలా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, భయం రెట్టింపవుతుంది. ముఖానికి కాగితం సంచి పెట్టడం అసలు వద్దు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా గాబరా తగ్గించే ఆల్ప్రజోలామ్ మాత్రలు కొనేవాళ్ల గురించి కూడా చెప్పాలి. కొన్ని వారాల్లోనే అలవాటవుతుంది. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా రావచ్చు. మద్యం తాగి వేసుకుంటే ఊపిరే మందగిస్తుంది. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

గాబరా, దిగులు, నిద్రలేమి 2 వారాలు దాటినా వదలకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, టెలీ మానస్. ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సిమ్ ఆంధ్రాదైనా ఒడిశాదైనా నంబరు ఒకటే.

మా వైపు ఒక చిక్కుంది. ఒడియా గడగడా మాట్లాడే తెలుగు పెద్దలు చాలామంది దాన్ని చదవలేరు. ఆసుపత్రి గోడ మీద రాసింది వాళ్లకు అందదు. అందుకని ఈ నంబరు, పైన చెప్పిన 93, 24 అంకెలు మీ పత్రిక జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో, కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించుకునేలా వేయమని మనవి.

— మానసిక ఆరోగ్య కార్యకర్తలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా