మూడు రోజులు పేషెంట్, నాలుగో రోజు నుంచి అటెండెంట్

సంపాదకులకు నమస్కారం.

మొన్న మాఘమాసంలో మా అమ్మాయికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. బిడ్డ బరువు 1,400 గ్రాములు. ఒక సర్కారు ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో 23 రోజులు ఉంచారు. వైద్యం గురించి నాకే ఫిర్యాదూ లేదు. డాక్టర్లు, సిస్టర్లు కంటికి రెప్పలా చూసి మనవణ్ణి మా చేతికిచ్చారు. మందులకు, పరీక్షలకు పైసా అడగలేదు. ఈ ఉత్తరం వాడి తల్లి తిండి గురించి.

కాన్పు వార్డులో ఉన్న మూడు రోజులూ ట్రాలీ మీద టిఫిను, పాలు, గుడ్డు, రెండు పూటలా అన్నం వచ్చాయి. నాలుగో రోజు అమ్మాయిని డిశ్చార్జి చేశారు. చేశారన్న మాటే గానీ బిడ్డ లోపల ఉన్నాడు, ఆమె ఎక్కడికి పోతుంది? అదే అంతస్తు, అదే వరండా. ట్రాలీ మాత్రం ఆమె ముందు ఆగకుండా వెళ్లిపోయింది. అడిగితే, “అమ్మ ఇప్పుడు పేషెంట్ కాదు కదండీ, అటెండెంట్” అన్నాడు ట్రాలీ తోసే కుర్రాడు. పాపం అతన్ని అనడానికేం లేదు, అతని చేతిలోని డైట్ షీట్‌లో ఆమె పేరు లేదు.

తర్వాత తెలుసుకున్నాను. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మామూలు కాన్పయితే తల్లికి 3 రోజులు, సిజేరియన్ అయితే 7 రోజులు ఉచిత భోజనం. జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. బిడ్డ జాబితాలో భోజనం లేదు. పాలు తాగే బిడ్డకు భోజనమెందుకు అనుకున్నట్టున్నారు. ఆ పాలు తయారయ్యే చోటు సంగతి ఎవరికీ తట్టలేదు.

మా అమ్మాయి రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పాలు పిండి సిస్టరమ్మకు ఇవ్వాలి. వాళ్లు ట్యూబు ద్వారా బిడ్డకు పడతారు. బిడ్డ కాస్త తేరుకున్నాక గంటల తరబడి వాణ్ణి గుండెకు కట్టుకుని కూర్చోమన్నారు, కంగారూ పద్ధతి అంటారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. ఇంట్లో అయితే బాలింతకు వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి ఎదురుగా కూర్చుని మరీ తినిపిస్తాం. అక్కడ బాలింతలు టీలో బన్ను ముంచుకుని పూట గడుపుతుంటే చూశాను.

ఊళ్లో అన్న క్యాంటీన్ ఉంది, 5 రూపాయలకే భోజనం ఉంది, అదేం మాట అంటారు మీరు. నిజమే, గేటు దాటి నాలుగడుగులు వేస్తే క్యాంటీనే. నేను ఆ 23 రోజుల్లో ఎక్కువగా అక్కడే తిన్నాను, భోజనం బాగుంటుంది. కానీ దానికో వేళ ఉంది, క్యూ ఉంది, ఆదివారం సెలవు. తల్లి ఆ వేళకే పాలు పిండుతూ ఉంటుంది, లేదా డాక్టరు రౌండ్స్‌కు వస్తారు. లోపలి నుంచి పేరు పెట్టి పిలిచినప్పుడు పలక్కపోతే ఏమవుతుందోనన్న టెన్షన్ వేరే. కుట్లు మానని మనిషి మెట్లు దిగి ఎండలో నిలబడగలదా? నేను షెడ్డులో కాపురం పెట్టి మెస్సు నుంచి క్యారేజీ తెచ్చాను కాబట్టి మా అమ్మాయికి జరిగిపోయింది. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనవాణ్ణి, నాకు టైముంది. వరండాలో మా అమ్మాయి పక్కనే ఉండే ఇంకో బాలింత భర్త మిర్చి కోతల్లో కూలి. ఉంటే కూలి పోతుంది, పోతే అన్నం తెచ్చే మనిషి ఉండడు. రెండు రోజులుండి వెళ్లిపోయాడు. మా క్యారేజీలోనే ఆ పిల్లకూ సగం పెట్టేది మా అమ్మాయి.

కింద పిల్లల వార్డులో ఇంకో రకం. అక్కడ పిల్లలకు ప్లేటు వస్తుంది. జ్వరం పిల్లాడు రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుంటే మిగిలింది తల్లి తినేది. నిమ్ముతో వచ్చిన నాలుగేళ్ల పిల్లాడొకడు వారానికి కోలుకుని ప్లేటు మొత్తం ఖాళీ చేయడం మొదలెట్టాడు. ఆ తల్లి సంతోషపడుతూనే ఆ పూటకు పస్తు. ఇలాంటివి నేను ఊహించి రాయలేను సార్, చూశాను కాబట్టి రాస్తున్నాను.

పుట్టినరోజులకు, వర్ధంతులకు పులిహోర పొట్లాలు పంచే పుణ్యాత్ములు గేటు దగ్గరికి వస్తారు. ఒకరోజు ముగ్గురు, మరో నాలుగు రోజులు ఒక్కరూ ఉండరు. ఆ పొట్లాలూ పైకి రావు.

విచిత్రం ఏమిటంటే, తల్లి భోజనం కూడా వైద్యంలో భాగమేనని సర్కారు ఎప్పుడో ఒప్పుకుంది. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల్ని చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రాల్లో తల్లికీ భోజనం పెట్టాలి, పోయిన కూలికి రోజుకింత ఇవ్వాలి అని కేంద్రం 2011 మార్గదర్శకాల్లోనే ఉంది. బిడ్డ బక్కచిక్కితే తల్లికి అన్నం, నెలలు నిండక పుట్టి 1,400 గ్రాములుంటే లేదు!

డబ్బెంతవుతుందంటారా? కండక్టరు బుద్ధి కదా, లెక్క కట్టకుండా ఉండలేను. పక్కనున్న తెలంగాణలో 2022లో మామూలు రోగి భోజనానికి సర్కారు ఇచ్చే డైట్ ఛార్జీని రోజుకు 40 రూపాయల నుంచి 80 రూపాయలకు పెంచారు. ఆ లెక్కన ఒక ఆసుపత్రిలో 60 మంది తల్లులకు రోజుకు 4,800, ఏడాదికి 17 లక్షల 52 వేలు. అదే వంటగది, అదే ట్రాలీ.

బిడ్డ డిశ్చార్జి అయ్యేదాకా తల్లిని కూడా డైట్ షీట్‌లో ఉంచమని ఆరోగ్యశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. మా వాడికి అప్పటికింకా పేరు పెట్టలేదు. వాడి కేస్ షీట్ మీద ‘బేబీ ఆఫ్’ అని, ఆ పక్కన మా అమ్మాయి పేరే రాశారు. ఆమె పేరు కొత్తగా ఎక్కించే పని కూడా లేదు.

– ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
ప్రకాశం జిల్లా