టోన్లు సరే, కాలికి పనేదీ?

సంపాదకులకు నమస్కారం.

కీబోర్డు కొనేవాళ్ళకు సలహాలంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. టోన్లు, అంటే వాద్యాల గొంతులు, ఎన్ని, రిథమ్‌లెన్ని, స్పీకర్లు ఎన్ని వాట్లు, మెట్లు 61 చాలా, 76 కావాలా అన్నీ రాశారు. వెనకవైపు ఉండే పెడల్ జాక్, అంటే కాలితో తొక్కే మీటను తగిలించే బెజ్జం, దాని ఊసే లేదు. నా డబ్బులు పోయింది సరిగ్గా ఆ బెజ్జంలోనే కాబట్టి ఈ ఉత్తరం.

గుంటూరు మిర్చి యార్డులో కమీషను కొట్టు గుమాస్తాగా చేసి విరమించుకున్నవాణ్ణి. పగలు చిట్టాలు, రాత్రిళ్ళు హార్మోనియం. తెనాలి వైపు పద్యనాటకం ఆడితే కబురొచ్చేది. ఇక్కడ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనూ వాయించాను. నాది లెగ్ హార్మోనియం. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. బల్లంత ఎత్తున ఉంటుంది, తిత్తిని కాళ్ళతో తొక్కాలి, రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. కృష్ణుడి వేషం వేసినాయన పద్యం చివర రాగం అందుకుంటే ఎక్కడ ఆగుతాడో ఆయనకే తెలియదు. హాల్లోంచి వన్స్‌మోర్ అని కేక పడిందా, మళ్ళీ మొదటికి. ఆయన ఊపిరి చూసుకుంటూ కాలు తగ్గించాలి, పెంచాలి. నా సంగీతం సగం కాళ్ళలోనే ఉందని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఇక అసలు సంగతి. మా వీధి రామాలయంలో ప్రతి శనివారం భజన. డోలక్ వాయించే ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అరేంజరు కీబోర్డు కొంటే తాళానికి లోటుండదని అందరూ అన్నారు. నిజమే, ఎడమచేత్తో కార్డు (కలిపి నొక్కే స్వరాల గుత్తి) పడితే దానికి తగ్గ బేసూ గిటారూ తబలా అదే వాయిస్తుంది, కుడిచేత్తో మనం పాట వాయించుకోవచ్చు. కానీ చరణం అయిపోయి పల్లవికి తిరిగేచోట ఫిల్-ఇన్, అంటే తాళంలో ఒక చిన్న విరుపు, పడాలి కదా. గాయకుడు సాకీ (తాళం లేకుండా పాడే ఎత్తుగడ) తీస్తుంటే రిథమ్ నోరు మూసుకోవాలి, పల్లవి ఎత్తుకోగానే మళ్ళీ లేవాలి. వాటికి కీబోర్డు మీదున్న మీట నొక్కడానికి ఏ చెయ్యి తీయాలి? ఎడమది తీస్తే కార్డు పోతుంది, కుడిది తీస్తే పాట పోతుంది. కాళ్ళు మాత్రం బల్ల కింద ఊరికే ఉన్నాయి.

ఆ మాటే విజయవాడ గవర్నరుపేటలో ఒక దుకాణంలో అడిగాను. "కాలితో రిథమ్ ఆపుకోవచ్చా బాబూ?" కుర్రాడు వెనక్కి తిప్పి చూపించి "పెడల్ జాక్ ఉంది తాతగారూ, భేషుగ్గా" అన్నాడు. పెడల్ కూడా అక్కడే కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. శనివారం రాత్రి అందరి ముందూ తొక్కాను. రిథమ్ తన మానాన తాను పోతూనే ఉంది. పైగా వాయించిన స్వరమల్లా పాకంలా సాగి ఒకదానికొకటి అంటుకుపోయింది. ఆ జాక్ సస్టెయిన్ కోసమట, అంటే మెట్టు వదిలాక కూడా స్వరం మోగుతూ ఉండడానికి. అదొక్కటే దాని పని, ఇంకో పనికి మార్చే వీలు ఆ మోడల్లో లేదు. వెనక్కి పట్టుకెళితే "డబ్బా విప్పేశారు కదండీ" అన్నారు. చివరికి పెడల్ ఉంచుకుని, కీబోర్డును నష్టానికి ఒక చర్చి పిల్లాడికి అమ్ముకున్నాను. అతనికి పియానో టోనుకు సస్టెయినే కావాలట, సంతోషంగా వాయిస్తున్నాడు. వస్తువు మంచిదే, నాకు చెప్పిన మాటే మంచిది కాదు.

రెండోసారి మా మనవరాలు తెలివిగా ఉంది. కంపెనీలు మాన్యువళ్ళను తమ సైట్లలో ఉచితంగానే పెడతాయి. కొనకముందే దింపి, పెడల్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో ఆ పేజీలు మాత్రం చదివి వినిపించింది. కాసియో సీటీ-ఎక్స్ 700లో ఉన్నది ఒకటే పెడల్ జాక్. అయినా సస్టెయిన్, సొస్టెన్యూటో (తొక్కినప్పుడు పట్టి ఉన్న స్వరాలను మాత్రమే సాగదీసేది), సాఫ్ట్ (స్వరాన్ని మెత్తబరిచేది), రిథమ్ అనే నాలుగింట్లో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. రిథమ్ అని పెడితే తొక్కినప్పుడల్లా మొదలవుతుంది, ఆగుతుంది. ఫిల్-ఇన్ మాత్రం కాలికి రాదు. యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్ 600కి రెండు పెడల్ జాకులున్నాయి, పనులు మనమే అప్పగించుకోవచ్చు. ఒక కాలికి ఫిల్-ఇన్, ఇంకో కాలికి ఆపడం. దాని ధర విన్నాక మనవరాలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్ద స్టేజీల వాళ్ళకు కోర్గ్ ఈసీ5 అని అయిదు మీటలదీ, రోలాండ్ ఎఫ్‌సీ-7 అని ఏడు మీటలదీ పెడల్ పలకలు ఉన్నాయి. అవి ఆయా కంపెనీల్లోనూ తగిన జాక్ ఉన్న మోడళ్ళకే పనికొస్తాయి. పలక చౌకగా దొరికిందని ముందు అది కొనేసేరు!

నేను చిన్నదే, ఆ కాసియోనే తీసుకున్నాను. ఉన్న ఒక్క జాక్‌నూ రిథమ్‌కు ఇచ్చేస్తే సస్టెయిన్ ఉండదు. హార్మోనియానికి సస్టెయిన్ ఎప్పుడుంది గనక, అది లేదని నాకు బెంగ లేదు.

అయితే పాత పెడల్‌నే దీనికి తగిలించడంతో ఇంకో తమాషా. తొక్కితే ఏమీ కాదు, కాలు తీసినప్పుడు రిథమ్ ఆగుతుంది. అంటే ప్రతిసారీ అర దెబ్బ ఆలస్యం. గాయకుడు నావంక చూసిన చూపు యార్డులో తూకం తప్పినప్పుడు రైతు చూసే చూపులా ఉంది. కొన్ని కంపెనీల పెడళ్ళలో తొక్కితే లోపలి కరెంటు దారి కలుస్తుంది, కొన్నిటిలో తొక్కితే విడిపోతుంది, దాన్నే పొలారిటీ అంటారు. కొన్ని కీబోర్డులు స్విచ్ వేసే క్షణంలో పెడల్ ఏ రకమో కనిపెట్టుకుంటాయి. వాటికి ముందు పెడల్ తగిలించి, కాలు దూరంగా పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. కొన్ని పెడళ్ళకు అడుగున చిన్న మీట ఉంటుంది, అటు జరిపితే తిరగబడుతుంది. నా దానికి ఆ మీటే దిక్కయింది. ఇంకోటి, గిటారు ఆంప్లిఫయర్ల పెడల్ చాలావాటిలో ఒకసారి తొక్కితే అలాగే పట్టుకుని ఉంటుంది, మళ్ళీ తొక్కితేనే వదులుతుంది. జాక్‌లో చక్కగా పడుతుంది గానీ మనకు పనికిరాదు.

గుడిలో గ్రానైట్ బండల మీద పెడల్ జారిపోతుంటే కింద మిర్చి గోతం ముక్క వేశాను. కదలడం మానింది. మొదటి రెండు వారాలు తాళాల కంటే తుమ్ములే ఎక్కువ వినపడ్డాయి. ఇప్పుడు ముక్కను ఉతికాను.

వ్యాసం రాసినవారిని తప్పుపట్టడం లేదు. టోన్లు లెక్కపెట్టడం తేలిక, డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. కాలి పని మాన్యువల్లో ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది. మళ్ళీ ఇలాంటిది వేసినప్పుడు ప్రతి మోడల్ పక్కన జాకులెన్ని, వాటికి ఏ పని అప్పగించవచ్చు అని రెండు గళ్ళు ఎక్కువ వేయండి. దుకాణదారులకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మనవి: చూపించడానికి పెట్టిన కీబోర్డుకు ఒక పెడల్ తగిలించి, పక్కన ఒక కుర్చీ వేయండి. నిలబెట్టి వాయింపజేస్తే నాబోటివాడు తొక్కి చూసేదెప్పుడు?

ఇట్లు,
ఒక పాత హార్మోనిస్టు,
గుంటూరు.