కేకు సంగతి తర్వాత, సంక్రాంతి సెలవు తేల్చండి

ఎడిటర్ గారికి,

డిసెంబరు వచ్చిందంటే ఆఫీసుల్లో ఏడాది చివరి పార్టీకి చందాల కాగితం తిరగడం మొదలు. మా అబ్బాయి పనిచేసే చోట ఈసారి తలకి పన్నెండు వందలట, ఊరవతల రిసార్టులో, అదీ ఆదివారం. "వెళ్లకపోతే ఏమవుతుందిరా" అన్నాను. "టీమ్ స్పిరిట్ లేదంటారు నాన్నా" అన్నాడు. సొంత డబ్బు పెట్టి, వారానికొచ్చే ఒక్క సెలవూ పోగొట్టుకుని, పైగా నవ్వుతూ ఫొటో దిగాలి. ఇది సన్మానమా, జరిమానానా?

నేను 1983లో బ్యాంకులో చేరి రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. అప్పట్లో బ్యాంకుల లెక్కల సంవత్సరం డిసెంబరు 31తోనే ముగిసేది, మార్చి 31కి మారింది 1989లో. అందుకని ఊరంతా కొత్త సంవత్సరం హడావిడిలో ఉంటే మేము లెడ్జర్లు ముందేసుకుని తేడా ఎక్కడుందా అని వెతుక్కునేవాళ్లం. తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోయిందంటే ఎవరో 54ని 45గా వేసి ఉంటారని అనుమానం, ఇక ఆ అంకె దొరికేదాకా కుర్చీలోంచి లేచే పని లేదు. ఒక ఏడాది రాత్రి పదకొండున్నరకి టాలీ అయింది. మా మేనేజర్ గారు పులిహోర పొట్లాలు తెప్పించి, డ్రాయరులోంచి ఒక డైరీ తీశారు. కొత్తదేం కాదు, ఖాతాదారులకి మా బ్యాంకు ఊరికే పంచే డైరీయే. ఏడాది పొడుగునా ఎవరేం చేశారో అందులో ఒక్కో ముక్క రాసి పెట్టుకున్నారట, పేరు పేరునా చదివారు. జూలై వానకి రికార్డు రూములోకి నీళ్లొస్తే అటెండరు ఒక్కడే వోచర్ల కట్టలన్నీ మేడ మీదకి మోశాడని, పాస్‌బుక్కు పోయిందని ఏడుస్తున్న ముసలాయన కోసం క్యాష్ కౌంటరు ఆవిడ భోజనం మానుకుని పాత లెడ్జరు తిరగేసిందని. నా వంతు వచ్చేసరికి ఒకే ఒక్క లైను: "ఏప్రిల్‌లో తన తప్పు తనే వచ్చి చెప్పాడు." ఆ తప్పేంటో మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు లెండి, కానీ ఆ లైను మాత్రం ఇన్నేళ్లయినా మర్చిపోలేదు.

"అందరూ బాగా చేశారు" అనడానికి ఏ మేనేజరూ కష్టపడక్కర్లేదు. ఏం చేశారో చెప్పాలంటే మాత్రం జనవరి నుంచే రాసుకోవాలి, డిసెంబరు 30న కూర్చుని గుర్తు చేసుకుంటే ఎప్పుడూ క్యాబిన్‌లో కనబడే ఇద్దరు ముగ్గురే గుర్తొస్తారు.

పైసా ఖర్చు లేనిది ఇంకోటి ఉంది, సెలవు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది (2024 నవంబరు దాకా 120 ఉండేది), అంటే భోగికి ఊరెళ్లాలనుకున్నవాడికి నవంబరు మధ్యలోనే టికెట్ చేతిలో పడాలి, మరి మన సార్లు జనవరి 10న లీవు శాంక్షన్ చేసి ఎవరిని ఉద్ధరించినట్టు? ప్రైవేటు బస్సువాడినే. వచ్చే ఏడాదైనా దసరా అయిపోగానే ఒక కాగితం గోడకి అంటించి ఎవరెవరు ఎప్పుడు వెళ్తారో వాళ్లనే రాసుకోమనండి. క్రిస్మస్ చేసుకునేవాళ్లని 24 మధ్యాహ్నమే పంపిస్తే సంక్రాంతికి కౌంటరు వాళ్లే చూసుకుంటామంటారు. మా బ్రాంచిలో చాలా ఏళ్లు అలాగే నడిచింది, గొడవలు రాలేదని కాదు, వచ్చాయి, కానీ నవంబరులో వచ్చిన గొడవ తీరడానికి టైముంటుంది.

ఇక తిండి. ఇంటినుంచి తలా ఒక ఐటమ్ తెండి అంటారు చాలాచోట్ల, ఖర్చు తక్కువని. తెల్లవారుజామున లేచి గారెలు వేసేది ఎవరో అందరికీ తెలుసు, ఆ ఆడవాళ్లకి అది పండగ కాదు, అదనపు డ్యూటీ. దానికంటే పక్క బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, టీ తెప్పించి నాలుగింటికి, ఆఫీసు టైములోనే, ఆ రోజు టార్గెట్ల ఊసెత్తకుండా కూర్చోండి చాలు. పద్నాలుగు మందికి ఏడెనిమిది వందలవుతుందేమో, అది మేనేజరు జేబులోంచి రావాలి, చందా వద్దు. అయితే చట్టప్రకారం కనీసం 8.33 శాతం బోనసు రావాల్సినవాళ్లకి అది ఎగ్గొట్టి ఈ బజ్జీలు పెడదామనుకునే యజమానులు దయచేసి నా ఉత్తరం చదవద్దు.

చివరగా ఒక చిన్న మాట. నా దగ్గర మా బ్రాంచి గ్రూప్ ఫొటోలు తొమ్మిది ఉన్నాయి. మా వాచ్‌మన్ ఒక్కదాంట్లోనూ లేడు, ఎందుకంటే కెమెరా ఎప్పుడూ అతని చేతికే ఇచ్చేవాళ్లం. మీరు ఈసారి ఫోన్‌కి టైమర్ పెట్టి ఏ బీరువా మీదో ఆనించి, వాచ్‌మన్‌నీ, ఊడ్చే ఆవిడనీ, టీ తెచ్చే కుర్రాణ్నీ లాక్కొచ్చి మధ్యలో నిలబెట్టండి.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి