నియామక పత్రంతో పాటు దారి వివరాలూ ఇవ్వాలి

సంపాదకులకు,

మారుమూల పల్లెకు వెళ్లే కొత్త టీచర్‌కి నియామక పత్రంలో ఊరి పేరు, చేరాల్సిన గడువు ఉంటాయి గానీ దారి ఉండదు. మ్యాపులో కనిపించే బాట వానాకాలంలో మునిగిపోవచ్చు. చివరి బస్సు ఎన్నింటికి, అది ఊళ్లోకి వెళ్తుందా, అడ్డరోడ్డు దగ్గరే దింపేస్తుందా అన్నది ప్రధానోపాధ్యాయుడికి ఫోన్ చేసి ముందే కనుక్కోవాలి. గడువు రోజున బయల్దేరితే ఒక్క బస్సు తప్పినా చేరిక తేదీ మారుతుంది, దాంతో సీనియారిటీ కూడా దెబ్బతినవచ్చు. కనీసం ఒకరోజు ముందే చేరుకోవడం మంచిది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, రెండు సెట్ల జిరాక్సులు తడవని కవరులో పెట్టి భుజాన వేసుకునే సంచిలోనే ఉంచుకోవాలి. చక్రాల సూట్‌కేసు బురదలో కదలదు. టార్చి, నెలకు సరిపడా మందులు మరవకూడదు. దారిలో వాగు పొంగితే ఆగిపోవాలి. ఉధృతంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడదోయగలదు, పైగా అడుగున గుంత కనబడదు.

చేరిక నివేదిక రెండు ప్రతులు రాసి, ఒకదానిపై ప్రధానోపాధ్యాయుడి సంతకం, తేదీ, ఉదయమా మధ్యాహ్నమా అన్నది వేయించుకుని దాచుకోవాలి.

బస్సు వేళలు, నడవాల్సిన దూరం, బస దొరికే చోటు, ఫోన్ సిగ్నల్ అందే చోటు రాసిన ఒక్క కాగితాన్ని నియామక పత్రానికి జతచేయాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాం.

– కొందరు ఉపాధ్యాయులు