మారిషస్ యాత్రలో ఆప్రవాసి ఘాట్‌కు ఒక పూట కేటాయించాలి

సంపాదకులకు నమస్కారం.

మారిషస్ విహారంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. రిసార్టులు, లగూన్లు, చమారెల్ రంగుల నేల అన్నీ ఉన్నాయి. మన దేశం నుంచి వెళ్లిన కూలీలు ఓడ దిగిన వలస డిపో, రాజధాని పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ పేరు మాత్రం ఒక్కచోటా లేదు. తెలుగు పత్రికలో ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లారు కాబట్టే అక్కడి తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు పడింది. నేటికీ ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.

బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో 36 మంది భారతీయులను పోర్ట్ లూయీలో దించారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. మొదట్లో ఒప్పందం అయిదేళ్లు, మగవాళ్లకు జీతం నెలకు 5 రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు, దీన్నే ‘డబుల్ కట్’ అనేవారు. 1849లో కట్టిన ఈ వలస డిపోలో ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే: రేవు మెట్లు, కాపలాదారు గది, ఆసుపత్రి గదులు, వంటశాల, మరుగుదొడ్ల గోడలు. యునెస్కో 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చాలామంది ఇక్కడికి వచ్చి పది నిమిషాల్లో తిరిగి వెళ్లిపోతారు. ముందు శిథిలాల్లోకి వెళ్తే రాతి గోడలు తప్ప ఏమీ కనిపించవు, అందుకని. పక్కనే ఉన్న వివరణ కేంద్రం చూసి, ఆ తర్వాత మెట్ల దగ్గరికి రావాలి. రెండూ కలిపి గంటన్నర చాలు, ప్రవేశం ఉచితం. ఆదివారం, సెలవు రోజుల్లో మూసి ఉంటుంది, శనివారం మధ్యాహ్నం దాకానే. ప్యాకేజీలవాళ్లు రద్దీ ఉండదని పోర్ట్ లూయీని ఆదివారానికి వేస్తుంటారు, అక్కడే దెబ్బ పడుతుంది. టికెట్లు కొనకముందే ఆ రోజు మార్పించుకోవాలి.

తమ వంశం నుంచి ఎవరైనా వెళ్లారా అని వెతకాలనుకునే ఉత్తరాంధ్ర, గోదావరి కుటుంబాలకు ఒక మాట. వలస రిజిస్టర్లు మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, కులం, ఓడ పేరు వాటిలో రాసేవారు. తర్వాతి కాలంవాళ్లకు ఫొటోలూ ఉన్నాయి. అయితే ఇంటిపేరు పట్టుకుని వెతికితే దాదాపు ఏమీ దొరకదు. మనిషి పేరే నమోదయ్యేది, ఆ పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. గుమాస్తా చెవికి వినిపించినట్టు రాశాడు కాబట్టి ఒకే పేరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ‘తాతగారి అన్న మారిషస్ వెళ్లాడట’ అన్నంత మాత్రాన సరిపోదు. ఊరు, తండ్రి పేరు, వెళ్లిన సంవత్సరం సుమారుగానైనా పట్టుకుని ముందుగానే రాసి అడగాలి. నేరుగా తలుపు తట్టి రిజిస్టర్ తీయమంటే కుదరదు.

కొండల్లో మొదట చెప్పుకోవలసింది ల మోర్న్. 556 మీటర్ల ఎత్తున్న ఈ కొండ తప్పించుకున్న బానిసలకు ఆశ్రయమిచ్చింది, అందుకే 2008లో దీనికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎక్కి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సగం దారి వెడల్పాటి మట్టి బాట, పిల్లలతో వచ్చినవాళ్లు అక్కడున్న వ్యూపాయింట్ దగ్గర ఆగిపోవచ్చు. ఆపైన చేతులూ వాడి నల్లరాయి పట్టుకుని ఎక్కాలి. దారి ఇనుప శిలువ దగ్గర ముగుస్తుంది, అసలు శిఖరానికి అనుమతి లేదు. ఎక్కడంకన్నా దిగడం కష్టం. వాన పడితే రాయి జారుతుంది, చెప్పులతో వెళ్లినవాళ్లు అక్కడే పడతారు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి, దారిలో కొట్లుండవు. తెల్లవారగానే బయలుదేరాలి. ఇంత సాహసం వద్దనుకుంటే ల పూస్ కొండ (812 మీటర్లు) ఎత్తు ఎక్కువైనా ఎక్కడం తేలిక. 1836లో డార్విన్ ఎక్కింది దీన్నే. పైనుంచి పోర్ట్ లూయీ రేవంతా కనిపిస్తుంది.

సముద్రం గురించి మీ వ్యాసంలో తగినంత ఉంది. ఒక్కటి మాత్రం తప్పక చేర్చాలి. ద్వీపం చుట్టూ పగడపు దిబ్బ అలలను ఆపుతుంది గానీ దక్షిణాన గ్రి-గ్రి దగ్గర దిబ్బ లేదు. అక్కడ చూడ్డమే, ఈత వద్దు. మిగతా చోట్లా సముద్రపు ముళ్లజీవులు గుచ్చుకుంటాయి కనుక రబ్బరు బూట్లు వేసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో ఆగ్నేయ గాలులకు తూర్పు తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో పడమర లేదా ఉత్తరాన బస మేలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. హెచ్చరిక మూడో తరగతికి చేరితే అన్నీ మూతపడతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు వెసులుబాటు ఉంచుకోండి.

ఇట్లు,
మారిషస్ యాత్రా మార్గదర్శకులు కొందరు