మ్యాప్ పాఠం మన చెరువు కట్ట నుంచి మొదలుపెట్టండి

సంపాదకునికి,

మొన్న మా మనవడు పదో తరగతి మ్యాప్ పాయింటింగ్ ప్రాక్టీసు చేస్తున్నాడు. నర్మద, తపతి, చోటానాగ్‌పూర్ పీఠభూమి అన్నీ తడుముకోకుండా గుర్తించాడు. మన చెరువు అలుగు పోస్తే నీళ్లు ఎటు పోతయిరా అని అడిగితే, "అది సిలబస్‌ల లేదు తాతా" అన్నాడు. వాణ్ని ఏమనను? ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన నేనూ ఆ సంగతి ఏ క్లాసులోనూ చెప్పలేదు.

మాకప్పుడు ఓ సాకుండేది, బడికి ఉన్నది ఒక్క చిరిగిన పటమే. ఇప్పుడు చాలా హైస్కూళ్లకు డిజిటల్ బోర్డులొచ్చాయి. నేనెరిగిన ఒక బడిలో ఆ బోర్డు మీద వీడియో పాఠాలు నడుస్తుంటే, పక్క గోడకు పాత నల్లగొండ జిల్లా పటం వేలాడుతోంది. 2016 అక్టోబరులో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరైన కబురు దానికింకా అందలేదు.

ఇంట్లో మనవడితో కలిసి గూగుల్ ఎర్త్ తెరిచాను. సాగర్ నుంచి ఎడమ కాలువ వెంట పోతే హాలియా, మిర్యాలగూడ వైపు పచ్చటి మడులు, దేవరకొండ వైపు ఎర్ర చెలకలు. "దేవరకొండ సాగర్ పక్కనే ఉన్నది గదా, కాలువ ఎందుకు రాలే?" అన్నాడు. బాణం పెట్టిన చోటల్లా ఎత్తు కనిపిస్తుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. మిర్యాలగూడ అంతకన్నా పల్లం, దేవరకొండ మెరక. నీళ్లు పైకి ఎత్తిపోసే లిఫ్టులు ఎందుకు కట్టాల్సి వచ్చిందో నేను విడిగా చెప్పే పని లేకపోయింది.

తర్వాత మా గొలుసుకట్టు చెరువుల పాత ఏళ్ల చిత్రాలు వరుసగా చూశాం. శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, ఏ ఏడు ఎటువైపు నుంచి తగ్గుతూ వచ్చిందో తెలిసిపోతుంది. ఈ పాఠం ఊళ్లో కొందరు పెద్దలకు రుచించదనుకోండి.

ఉపగ్రహ చిత్రాలు, పటాలు చూపే ఇస్రో వారి భువన్ వెబ్‌సైటు 2009 నుంచీ ఉచితంగానే ఉంది, అది నడిపేది మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీనే. నెట్ అందని బడికి టీచరు ఇంటి దగ్గరే చిత్రాలు పెన్‌డ్రైవ్‌లో దించుకుపోవచ్చు. అయితే ముందు పిల్లల్ని కట్ట మీద నడిపించి తూము, అలుగు చూపించాలి. చూడని చెరువు తెర మీద నీలం మరకే. తిరిగొచ్చాక, పటంలో పేరు లేని కుంటలను, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాళ్లే చేర్చవచ్చు. పాలమూరు వాళ్లయితే భీమ వచ్చి కృష్ణలో కలిసే తంగడి నుంచి మొదలుపెట్టొచ్చు.

మార్కులు లేనిదే మన బళ్లలో ఏదీ కదలదు. అందుకని ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రాజెక్టు పనుల్లో సొంత ఊరి నీటి పటం ఒకటి పెట్టించాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యాధికారులను కోరుతున్నాను. గోడ మీది పాత పటాన్ని మాత్రం పారేయకండి. డిజిటల్ బోర్డు పక్కన ఉంటే, ఒక్క జిల్లా మూడెట్లా అయిందో చూపడానికి పనికొస్తుంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ