కూరగాయల బండి యూనివర్సిటీ గేటు దాకా రావాలండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

కాలేజీ పిల్లలు వండుకోవడం మానేశారు, ఫోన్లో బిర్యానీలు ఆర్డర్ పెట్టుకుని ఒళ్ళు పాడుచేసుకుంటున్నారు అని ఎక్కడ చూసినా ఇదే మాటండి. నేను రాజోలు వైపు నుంచి వచ్చి డెల్టాలోనే ఒక యూనివర్సిటీలో పీజీ చేస్తున్నా, ఊరి బయట రూం తీసుకుని ఫ్రెండ్సందరం కలిసి వండుకుంటాం, మాలో ఎవరికీ స్కూటీ కూడా లేదు, ఇంక కారు మాట ఎందుకు. వంట మాకొచ్చు, పొద్దున్నే కుక్కర్ పెట్టేసి క్లాసుకి వెళ్ళడం పెద్ద పనేం కాదు, కాకపోతే ఆ కుక్కర్లోకీ మూకుట్లోకీ వెయ్యాల్సినవి రూంకి చేర్చుకోవడానికే మా వారం సగం అయిపోతోంది, ఆ సంగతి కూడా నలుగురికీ తెలియాలని రాస్తున్నానండి.

బియ్యానికి బెంగలేదు, మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకమే ఇంటి దగ్గర్నుంచి మూట కట్టి బస్సులో వేస్తారు. ఆవకాయ, మాగాయ, ఎండు రొయ్యలు కూడా ఇంటివే. పప్పులు, నూనె నెలకోసారి టౌన్లో తెచ్చేసుకుంటాం. వచ్చిన చిక్కంతా కూరగాయలతోనే. మా దగ్గర కిరాణా కొట్లో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, టమాటాలు తప్ప ఇంకేం ఉండవు, ఉన్నవీ టౌన్ కంటే రేటెక్కువ, కొట్టు బాబాయిగారిని అనడానికి లేదు, ఆయనా టౌన్ నుంచి ఆటో కిరాయి పెట్టుకునే తెస్తారు కదా.

టౌన్లో రైతుబజార్ ఉంది. రైతు నేరుగా అమ్ముకోవాలి, కొనేవాళ్ళకి చవగ్గా దొరకాలి, మధ్యలో దళారీ ఉండకూడదు అని 1999లో పెట్టారు, చాలా మంచి ఏర్పాటు. కానీ లేత బెండకాయ, వంకాయ, ఆకుకూరలు అన్నీ పొద్దున్నే అయిపోతాయి, అప్పుడు మేం ల్యాబ్‌లో ఉంటాం. సాయంత్రం క్లాసులయ్యాక బస్సెక్కి వెళ్తే ముదిరినవీ వాడినవీ మిగులుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక మాకు నిజంగా చాలా మేలైంది, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తున్నారు, మా క్లాసు అబ్బాయిలకి ఆ వీలు కూడా లేదు. అయినా బస్టాండ్ నుంచి బజారుకి ఆటో తప్పదు, తిరిగొచ్చేటప్పుడు కిక్కిరిసిన బస్సులో రెండు చేతుల్లో సంచులు, పైన గుడ్ల అట్ట పట్టుకుని నిలబడి రావాలంటే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

రూంలో ఫ్రిజ్ లేదు కాబట్టి తెచ్చినవి కూడా ఒక లెక్క ప్రకారం వండుకోవాలి. గోంగూర, తోటకూర తెచ్చిన రాత్రే పప్పులో పడిపోవాలి, మర్నాటికి బెండకాయ, వంకాయ, తర్వాత దొండకాయ, వారం చివరికి దోసకాయ, కంద, గుమ్మడి ముక్క. గుడ్లు మాత్రం అట్టకి అట్ట తెచ్చుకుంటే నిశ్చింత, కూర లేని పూట పులుసు పెట్టేస్తాం. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొచ్చి లంకల్లో తోటలు మునిగాయంటే ఈ లెక్కంతా తారుమారు, అప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడీ పెరుగే దిక్కు. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే భోజనం పెడుతున్నారు, మాకు దగ్గర్లో ఉంటే రోజూ అక్కడే తినేవాళ్ళం, కానీ అది టౌన్లో ఉంది, అక్కడికి వెళ్ళిరావడానికి అయ్యే ఆటో డబ్బులు భోజనం ఖరీదు కంటే ఎక్కువ. ఇలాంటప్పుడు ఎవరైనా అలిసిపోయి ఓ రాత్రి నూడుల్స్ ప్యాకెట్ చించితే దాన్ని బద్ధకం అనకండి, దయచేసి.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, లంకల్లో కోసిన కాయలు వ్యాన్లలో మా గేటు ముందు నుంచే టౌన్ మార్కెట్‌కి వెళ్తాయండి, మళ్ళీ అక్కడి నుంచి అవే కాయల్ని మేం బస్సులో వెనక్కి మోసుకొస్తున్నాం! 2020 లాక్‌డౌన్‌లో రైతుబజార్లనే బళ్ళమీద వీధుల్లోకి తెచ్చి అమ్మారు, అంటే చెయ్యగలిగిన పనే. వారానికి రెండు సాయంత్రాలు, క్లాసులయ్యాక ఓ రెండు గంటలు, టౌన్లకి దూరంగా ఉన్న ప్రతి యూనివర్సిటీ, కాలేజీ గేటు దగ్గరికి అలాంటి బండి ఒకటి పంపమని మార్కెటింగ్ శాఖ వారిని మీ పేపర్ ద్వారా అడుగుతున్నానండి. నడిపే పని చుట్టుపక్కల డ్వాక్రా అక్కలకి అప్పగించినా బాగుంటుంది. రూముల్లో వండుకునే స్టూడెంట్సే కాదు, టీచింగ్ స్టాఫ్, సెక్యూరిటీ అన్నయ్యలు, ఆ ఊరివాళ్ళు కూడా కొంటారు. సరుకు మిగిలిపోతుందని భయమైతే ఎవరికి ఏం కావాలో ముందు రోజు రాత్రికే వాట్సాప్ గ్రూపులో రాయించి లిస్టు పంపే బాధ్యత మేమే తీసుకుంటాం. బండి ఆపుకోవడానికి గేటు పక్కన కాస్త చోటు, ఓ లైటు ఇమ్మని యూనివర్సిటీల వారిని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పీజీ విద్యార్థిని, కోనసీమ